ఆకురాయి గీతలు

నాకు అనుమానం ఎక్కువ. ఈ సంగతి పెళ్ళయిన మూడో నెలలోనే మా ఆవిడ కనిపెట్టేసింది. పాలల్లో నీళ్ళూ, రిక్షావాడి చుట్టుదారీ, కిరాణా కొట్టు తూకం రాళ్ళూ, దేన్నీ నేను ఊరికే వదిలేవాణ్ణి కాదు. విజయనగరంలో కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. పాఠం చెప్పడంలో పెద్ద పేరేమీ రాలేదు గానీ, పరీక్ష హాల్లో కాపలా కాయడంలో వచ్చింది. కాలరు మడతలో దాచిన చీటీని పది బల్లల అవతలి నుంచి పసిగట్టేవాణ్ణి. ప్రిన్సిపాలుగారు అందరి ముందూ మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలే నన్ను సగం పాడుచేసింది.

అలాంటివాడు పాత కారు కొనకూడదు. కొన్నాను.

అరవైల చివరి రోజులవి. స్కూటరు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కూర్చోవాలి. నా వంతు వచ్చేసరికి నా పిల్లలకి పెళ్ళిళ్ళయిపోయేలా ఉన్నాయి. ఒకరోజు కంటోన్మెంటు వైపు ఏదో ఎస్టేటు వాళ్ళ బంగళా ఖాళీ చేస్తూ సామాను అమ్ముతున్నారంటే, బీరువా చూద్దామని వెళ్ళాను. బీరువా నచ్చలేదు. వెనక కొట్టంలో ఎండుగడ్డి మోపుల కింద మాత్రం ఒక పొడుగాటి ముక్కు కనిపించింది. గడ్డి తీస్తే, ఊచల చక్రాలతో, పైన గుడ్డ టాపుతో, ఇద్దరు మాత్రమే పట్టే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. ఆకుపచ్చ రంగు అక్కడక్కడ పెచ్చులూడింది. ఎలుకలు సీట్లు తినేశాయి. అయినా అది కూర్చున్న తీరు చూస్తే ఇప్పుడే లేచి ఉరికేలా ఉంది. స్కూటరుకని దాచుకున్న డబ్బు అక్కడే ఇచ్చేశాను.

ఎద్దుల చేత లాగించి ఇంటికి తెస్తే, మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగింది.

"ఏటండీ ఇది? మనం నలుగురం. ఇందులో ఇద్దరే పడతారు. మిగిలిన ఇద్దర్నీ ఏటి సేస్తారు?"

నేను ఎద్దులవాడికిచ్చే కూలి మూడోసారి లెక్కపెట్టుకున్నాను. 

ఆ కారుకి ఒక కవల ఉంది. ఎస్టేటులో అన్నదమ్ములిద్దరు ఒకే ఏడు, ఒకే ఓడలో, ఒకే రకం కార్లు రెండు తెప్పించుకున్నారట. అన్నగారిది నాకొచ్చింది. తమ్ముడిగారిది చేతులు మారి మారి నరసన్నపేటలో ఒక రైసుమిల్లు యజమాని దగ్గర తేలింది. ఆయన మోటారు పిచ్చి గురించి శ్రీకాకుళం దాకా చెప్పుకునేవారు. మా రెండు కార్లూ తప్ప ఆ చుట్టుపక్కల అలాంటిది ఇంకోటి లేదు. ఇంగ్లండు నుంచి సరుకు తెప్పించుకునే రోజులు ఎప్పుడో పోయాయి. అంచేత నా కారులో ఏదైనా పాడైతే ఆ సామాను ప్రపంచం మొత్తం మీద నాకు అందుబాటులో ఉన్నది ఒక్క చోటే, నరసన్నపేట కారులో. ఆయన కారులో పాడైతే, నా కారులో. ఈ ముక్క నాకు మొదటి వారంలోనే తట్టింది. తట్టిన దగ్గర్నుంచీ మనశ్శాంతి లేదు.

రెండు కార్లనీ చూసే మనిషి కూడా ఒక్కడే. నెల్లిమర్ల రోడ్డు మీద రేకుల షెడ్డులో ఉండే మేస్త్రి. నలభై అయిదేళ్ళుంటాయి. యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీల దగ్గర పని నేర్చుకున్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని ఇంజను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. విని, ఏది అరిగిందో, ఏది వదులైందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది. మొదట్లో నన్ను "మాస్టారుగారూ" అన్నాడు. రెండు నెలలు కలిసి టీలు తాగేసరికి "బావా" అయిపోయాను. నేను మాత్రం "మేస్త్రీ" అనే పిలిచేవాణ్ణి.

ఆదివారం పొద్దున్న ఆ షెడ్డులో మా సభ. నేనూ, నరసన్నపేట మిల్లు యజమానీ, పడవంత పాత కారు ఉన్న ఒక డాక్టరుగారూ. మా మాటలన్నీ ఒకే చుట్టూ తిరిగేవి. ఏది అసలుది, ఏది కాదు. పాత కారుకి విలువ పరుగులో లేదు, తనతో పుట్టిన సామాను తనలో ఉండడంలోనే ఉందని డాక్టరుగారు చెప్పేవారు. ఇంజను మీద నంబరూ బండికి బిగించిన పలక మీద నంబరూ కలవాలి. ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటర్లు దానివే కావాలి. జీపు కార్బురేటరు తగిలించిన కారు పరిగెత్తుతుంది గానీ, దానికి తుక్కు వెలే కడతారు. నా కారులో అన్నీ అసలువే అని మేస్త్రి తేల్చాడు. గడ్డి కింద పడి ఉండడం వల్ల ఎవరి చెయ్యీ పడలేదట.

"మాస్టారి బండిలో సరుకు బంగారం," అని మిల్లు యజమాని నిట్టూర్చేవాడు. "నా దాన్లో సగం తుక్కు."

ఆయన అలా నిట్టూర్చినప్పుడల్లా నేను నా కారు వైపు ఒకసారి చూసుకునేవాణ్ణి.

ఆ వేసవిలో నా కారు నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. మేస్త్రి ఇంజను విప్పాడు. వెనక చక్రం దగ్గర నూనె కారుతోందని ఇరుసు కూడా బయటికి లాగాడు. ఇరుసంటే ఇంజను బలాన్ని వెనక చక్రానికి అందించే ఉక్కు కడ్డీ. సరిగ్గా అదే వారం మిల్లు యజమాని కారు కూడా షెడ్డుకొచ్చింది. ఇంజనులో టకటకమని చప్పుడు. అదీ విప్పాడు. రెండు కవల ఇంజన్లు, పక్కపక్కనే రెండు గోనెల మీద, కిరసనాయిలు తడితో ఆరుతున్నాయి. నేను షెడ్డు బయట సైకిలు స్టాండు వేస్తూ ఉంటే లోపల్నుంచి మిల్లు యజమాని మాటలు వినిపించాయి.

"ఆ మాస్టారి రాడ్లు సూడు, అద్దంలా ఉన్నాయి. నావి సూస్తే వంకర. ఎలాగోలా సూడు మేస్త్రీ."

"సూద్దాం బాబూ," అని మేస్త్రి నవ్వాడు.

ఆ "సూద్దాం" నన్ను తినేసింది. పిస్టన్లని పట్టి ఊపే రాడ్లు అవి, ఇంజనులో వెన్నెముకలాంటివి. మార్చేస్తే పైకి ఎవడికి తెలుస్తుంది? మూత బిగించాక దేవుడు కూడా చూడలేడు. షెడ్డులోకి వెళ్ళి, ఏమీ విననట్టు కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగాను. టీ చేదుగా ఉందనిపించింది. అందులో ఏం కలిపారో అనుకున్నాను. నా సంగతి నేనే చెప్పుకోవాలి కదా.

మర్నాడు గంటస్తంభం దగ్గర ఇనప సామాన్ల కొట్లో మూడుమూలల ఆకురాయి కొన్నాను. ఇనుముని రాకేది. వేలెడంత. జేబులో పట్టింది. పరీక్ష హాల్లో తెల్లకాగితాల మీద ముందే చిన్న సంతకం పెట్టి పంచితే, బయట కాగితం లోపలికి రాదు. అదే సూత్రం. నా సామాను మీద నా గుర్తు పెడితే, మారిస్తే దొరికిపోతాడు.

మధ్యాహ్నం మేస్త్రి షెడ్డు వెనకే ఉన్న ఇంటికి అన్నానికి వెళ్ళేవాడు. తలుపు వేసేవాడు కాదు. "బావా, కాసేపు సూస్తూ ఉండు" అని నాకే అప్పగించి వెళ్ళేవాడు. అలా అప్పగించిన నాలుగు మధ్యాహ్నాలూ నేను నా పని చేసుకున్నాను. రెండు కార్బురేటర్ల మీద, నాలుగు రాడ్ల మీద, చక్రాలు తిప్పే స్టీరింగు చెయ్యి మీద, ఒక్కోదానికి బియ్యపు గింజంత గీత. ఇరుసు చివర, పళ్ళు మొదలయ్యే చోట గ్రీజు తుడిచి గీశాను. ఆ ఉక్కు మొండిది. చాలాసేపు రాకాల్సి వచ్చింది. వెనక గుమ్మంలో మేస్త్రి చెంబుతో చెయ్యి కడుక్కుంటున్న చప్పుడు వినబడగానే కంగారులో బలంగా నొక్కాను. గీత లోతుగా పడింది. గ్రీజు మళ్ళీ పూసేసి పీట మీద కూర్చున్నాను.

"పడుకున్నావా బావా? ముఖం అలగైపోనాదేటి?" అన్నాడు.

"ఎండ," అన్నాను.

వారం తరవాత ఆదివారం, ఇంజను మూసేసే ముందు, ఎవరూ చూడకుండా రాడ్లు ఒక్కోటీ చేతిలోకి తీసుకున్నాను. గీతలు లేవు. నాలుగింటి మీదా లేవు. తిప్పి తిప్పి చూశాను. నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. స్టీరింగు చెయ్యి మీదా లేదు. కార్బురేటర్ల మీద మాత్రం ఉన్నాయి. ఇరుసు అప్పటికే బిగించేశాడు, అది చూసే వీల్లేదు.

రాడ్లు ఎలా ఉన్నవి అలా పెట్టేశాను. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త సంతోషం కూడా వేసింది. పట్టుకున్నాను అనే సంతోషం. పైకి కనబడే కార్బురేటర్లు వదిలేసి, లోపల కనబడనివన్నీ మార్చేశాడన్నమాట. ఎంత తెలివి!

అడగలేదు. దొంగని వెంటనే అడగకూడదు, వాడి చేత్తోనే పట్టించాలి. ఇదీ నా హాలు సూత్రమే.

మరో రెండు వారాలకి మిల్లు యజమాని కారు టకటకలు మాని, పిల్లిలా పరిగెత్తసాగింది. నా ఒళ్ళు మండిపోయింది. ఒక సెలవు రోజు చూసుకుని బస్సెక్కి, శ్రీకాకుళంలో మారి, నరసన్నపేట వెళ్ళాను. పనేదో ఉండి వచ్చానన్నాను. ఆయన ఎంతో సంతోషించి, విస్తరి వేయించి, వంజరం చేప వేపుడూ రొయ్యల కూరా వడ్డించి, చెయ్యి కడగ్గానే తనే నన్ను కారు దగ్గరికి లాక్కెళ్ళాడు.

"ఎలా బాగుపడింది?" అని అమాయకంగా అడిగాను.

"ఏటి సేసినాడో సెప్పడు మాస్టారూ. అడిగితే నవ్వుతాడు. ఆడి సేతిలో ఏదో ఉన్నాది."

వాడి చేతిలో నా రాడ్లున్నాయి అనుకున్నాను. ఇంజను మూసి ఉంది కాబట్టి రాడ్లు చూసే దారి లేదు. పడిపోయిన పెన్ను కోసం వెతుకుతున్నట్టు కారు కిందికి దూరి, స్టీరింగు చెయ్యి తడిమాను. నున్నగా ఉంది. గీత లేదు. అక్కడితో ఎవడైనా సిగ్గుపడి లేచి వచ్చేస్తాడు. నేను మాత్రం, ఇక్కడికొచ్చాక గీత అరగదీసేశారని తేల్చుకుని లేచాను. గీత ఉంటే దొంగతనం, లేకపోతే ఇంకా తెలివైన దొంగతనం. తిరుగు బస్సులో ఆయన బలవంతంగా కట్టిచ్చిన అరటిపళ్ళ గెల ఒళ్ళో పెట్టుకుని, ఇది కూడా లంచమే అనుకున్నాను.

ఆ తరవాత షెడ్డుకి వెళ్ళేవాణ్ణి గానీ, మాటలు తగ్గించాను. మేస్త్రి వంక చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ఆయనే అడిగాడు.

"ఏటి బావా, ఒంట్లో బాగోనేదా? ఇంట్లో ఏటైనా గొడవా?"

"ఏం లేదు."

"సెప్పుకుంటే తీరిపోతాది. మనసులో ఒగ్గీకు."

ఎంత నటన, అనుకున్నాను.

చలికాలం వచ్చింది. కళింగపట్నం సముద్రం దాకా మూడు కార్లలో వెళ్ళొద్దామని డాక్టరుగారు అన్నారు. నా పక్కన మా ఆవిడ, డాక్టరుగారి పడవలాంటి కారులో మా పిల్లలు, మిల్లు యజమాని పక్కన మేస్త్రి. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు పనులాపి చూశారు. నా కారు బాగానే పరిగెత్తింది. ఎవరి రాడ్లతో పరిగెత్తుతోందో అని నేను తలుచుకుంటూనే ఉన్నాను.

ఓడలకి దారి చూపే దీపస్తంభం దగ్గర మిగతా ఇద్దరూ గట్టి నేల మీద ఆగారు. నేను గొప్ప కోసం నీళ్ళ వైపు ఇంకాస్త దూరం తీసుకెళ్ళి నిలబెట్టాను. తిరిగి బయల్దేరేటప్పుడు వెనక చక్రాలు ఇసకలో కూరుకుపోయాయి. వలలు ఆరబెట్టుకుంటున్న పదిమంది వచ్చి పడవని తోసినట్టు ఒక్కసారిగా భుజాలు పెట్టారు. "ఇప్పుడొగ్గు బాబూ, ఇప్పుడొగ్గు!" అని అరిచారు. నేను గేరు వేసి క్లచ్చి ఠక్కున వదిలాను. వెనకెక్కడో టక్కుమంది. ఇంజను హోరెత్తుతోంది, కారు కదలదు.

మేస్త్రి పరిగెత్తుకొచ్చి విన్నాడు. "ఇరుసు ఇరిగినాది," అన్నాడు.

అన్ని నెలలు లోపల దాచుకున్నది అక్కడ బద్దలైంది. డాక్టరుగారు, మిల్లు యజమాని, మా ఆవిడ, పిల్లలు, అంతమంది పరాయివాళ్ళు, అందరి ముందూ అరిచాను.

"విరగదా మరి! అది నా ఇరుసు కాదు. నా అసలు సామానంతా ఆ కార్లో ఉంది." మిల్లు యజమాని కారు వైపు వేలు చూపించాను. "రాడ్లు మార్చావు. స్టీరింగు చెయ్యి మార్చావు. ఇరుసూ మార్చావు. అన్నీ నాకు తెలుసు."

 మిల్లు యజమాని ముఖం నల్లబడిపోయింది. మేస్త్రి నా వంక ఒకసారి చూసి, వెళ్ళి జాకీ తెచ్చుకున్నాడు. చక్రం ఊడదీశాడు. నట్లు విప్పాడు. ఇరుసుని మెల్లగా లాగితే చివరి పళ్ళు లోపలే ఉండిపోయి మిగతా కడ్డీ చేతికొచ్చింది. భుజం మీది గుడ్డతో విరిగిన కొస తుడిచి, వెలుగుకి ఎత్తి పట్టుకుని, చాలాసేపు చూశాడు.

"డాక్టరుబాబూ, ఇలగ రండి. సూడండి. ఈ అంచున నల్లగా ఉన్నాది కదా, ఇది పాత పగులు. మిగతాది తెల్లగా మెరుస్తన్నాది, ఇది ఇప్పుడు ఇరిగినాది. పగులు ఎక్కడ మొదలైనాదో సూసినారా? ఈ గీత కాడ. ఎవుడో ఆకురాయెట్టి కోసినాడు. ఉక్కు మీద గీత పడితే అక్కడే పట్టు పోతాది. తిరిగి తిరిగి అక్కడే ఇరుగుతాది."

 ఆ గీత నాది. అంటే ఆ ఇరుసు నాదే.

మేస్త్రికి అప్పటికీ తెలీదు. నన్ను కాదు, ఎవరో ఊరూపేరూ లేనివాణ్ణి తిడుతున్నాడు.

"అప్పుడు రాడ్ల మీదా ఇలాటివే కనిపించినాయి. స్టీరింగు సెయ్యి మీదా కనిపించినాది. ఎస్టేటు కాడ ఎవుడో తెలివితక్కువ ఎదవ గీసుంటాడనుకున్నాను. అలగే ఒగ్గేస్తే ఇరిగిపోతాయనీసి, సానరాయెట్టి రెండు రోజులు కూకోని నున్నగా నూరినాను. కార్బురేటర్ల మీదవి ఏటీ సెయ్యవు, వాటినొగ్గేసినాను. ఈ ఒక్కటి గ్రీజు కింద ఉండిపోనాది. నాను సూడనేదు. నాదే తప్పు."

ఆయన తప్పట! మిల్లు యజమాని అప్పుడు నోరు విప్పాడు.

"మరి నా రాడ్లు?"

"మీవే బాబూ. జూటుమిల్లులో ఒక ఫిట్టరు సేత వంకర తీయించినాను. పైవోళ్ళకి తెలిస్తే ఆడి ఉజ్జోగం పోతాది. అందుకే సెప్పనేదు."

చూడ్డానికి మూగినవాళ్ళలో ఒకామె, నెత్తి మీద చేపల గంప దించకుండానే, నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ బాబుని సూడండర్రా. గొంతులో ముల్లు దిగినట్టు నిలబడిపోనాడు."

అందరూ నా వైపు తిరిగారు. పరీక్ష హాల్లో చీటీ దొరికిన కుర్రాళ్ళ ముఖాలు ఎన్నో చూశాను. ఆ ముఖం లోపల ఎలా ఉంటుందో ఆరోజే తెలిసింది.

"నేనే గీశాను," అన్నాను.

మేస్త్రి ఇరుసు ముక్క దించాడు. "నువ్వా? ఎందుకు బావా?"

"గుర్తుకి."

"దేనికి గుర్తు?"

నా కళ్ళు మిల్లు యజమాని కారు వైపు పోయాయి. ఆయనకి అర్థం కావడం నేను చూశాను. ముందు నుదురు ముడిపడింది, తరవాత విడిపోయింది. "అడిగితే అన్నీ ఇప్పి సూపించేవోడిని కదా," అని మాత్రం అని, సామాను గోనెలో సర్దుకోవడానికి వంగాడు.

కారుని లారీకి కట్టి పంపి, మేం బస్సులో వచ్చాం. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. శ్రీకాకుళం దాటాక మెల్లగా అడిగింది. "నా పుస్తెల మీద కూడా ఎక్కడైనా గీత ఉన్నాదా?" సిగ్గుతో చచ్చిపోయాను. ఉత్తమాట కాదు, నిజంగానే ఆ బస్సులోంచి దిగిపోయి ఎటైనా పోవాలనిపించింది.

తరవాతి ఆదివారం వెళ్ళి క్షమించమన్నాను. మేస్త్రి క్షమించాడు. ఆ మాటే అనలేదు గానీ, టీ తెప్పించాడు. మిల్లు యజమానికీ చెప్పుకున్నాను. ఆయన నవ్వి, "పెన్ను దొరికినాదా మాస్టారూ?" అన్నాడు. మేస్త్రి పాత లారీ ఇరుసు ఒకటి సంపాదించి, జూటుమిల్లు ఫిట్టరు సాయంతోనే లేతు మిషను మీద నున్నగా తిప్పించి, పళ్ళు కోయించి, మూడు వారాల్లో కొత్త ఇరుసు చేసి బిగించాడు. కారు ముందుకంటే హాయిగా పరిగెత్తింది. కథ అక్కడ ఆగితే బాగుండేది.

రెండు నెలలకి వెనక చక్రం దగ్గర చిన్న చప్పుడు వినిపించింది. చక్రంలో ఉందో నా చెవిలో ఉందో ఇప్పటికీ చెప్పలేను. లారీ ఇరుసు కదా, జూటుమిల్లు చేతిపని కదా, తొందరలో ఏదైనా నాసిగా చేశారేమో అనిపించింది. మేస్త్రిని అడగడానికి ముఖం చెల్లలేదు. ఎవరికీ చెప్పకుండా శ్రీకాకుళం తీసుకెళ్ళి, అక్కడి ఒక షెడ్డులో, ఇరుసు విప్పి చూడమన్నాను. అక్కడి మెకానిక్కు కారు చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు తుడుచుకున్నాడు.

"ఈ పని మా గురువుది. నాను పని నేర్సుకున్నది ఆయన కాడే. ఆయన బిగించింది నాను ఇప్పను బాబూ. ఏటి అనుమానముంటే ఆయన్నే అడగండి."

నేను విజయనగరం చేరేలోపే కబురు చేరిపోయింది. మర్నాడు షెడ్డుకి వెళితే మేస్త్రి ఏదో జీపు కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాకుండానే మాట్లాడాడు.

"సీకాకుళమెల్లినావట?"

"ఊరికే, చిన్న చప్పుడు..."

"ఇరుసు బాగున్నాదనీసి సెప్పినాడా?"

"విప్పలేదు."

"మరైతే నీకింకా తెల్దన్నమాట."

జీపు కింది నుంచి లేచి వచ్చి, నా ఎదురుగా నిలబడ్డాడు. కోపం లేదు. ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

"మొదటిది తెలీక సేసినావు. అది మరిసిపోనాను. ఇది తెలిసి సేసినావు. నాను ఏటి సేసినా నువ్వు ఎనకమాల సూసుకుంటావు. అలగ నాను పని సెయ్యలేను. సెయ్యి వణుకుతాది. ఏటీ అనుకోకండి మాస్టారూ, బండి ఇంకెక్కడికైనా తోలుకెల్లండి."

ఆయన చెయ్యి పడని కారు ఏడాది తిరక్కుండా మూల పడింది. ఇంకొకరి చేతికి ఇవ్వడానికి నాకు ధైర్యం లేదు, ఇచ్చినా పుచ్చుకునేవాళ్ళు లేరు. చివరికి అమ్మేద్దామనుకున్నాను. విశాఖ రేవులో ఇంజనీరు ఒకాయన, పాత కార్లంటే పడిచస్తాడట, డాక్టరుగారి ద్వారా విని వచ్చాడు. నంబర్లు సరిచూశాడు. బోనెట్టు ఎత్తి గంటసేపు చూశాడు. చూసినకొద్దీ కళ్ళు మెరుస్తున్నాయి.

"పైకి అంతా అసలుదే," అన్నాడు. "లోపల కూడా అసలుదే అయితే మీరడిగిన దానికి పైనే ఇస్తాను. కానీ లోపల సంగతి ఎవరు చెప్పగలరు?"

చెప్పగలిగినవాడు ఒక్కడే. కారుని తాళ్ళతో కట్టి ఇంజనీరు జీపు వెనక మేస్త్రి షెడ్డు దాకా లాక్కెళ్ళాం. మేస్త్రి నన్ను చూసి, "రండి మాస్టారూ," అన్నాడు. నేను తల ఊపాను. ఇంజనీరు తానెవరో చెప్పి, ఈ కారులో సామాను ఏది అసలుది, ఏది కాదు అని అడిగాడు. మేస్త్రి కారు ముక్కు మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"ఇంజను నాను ఒక్కసారే ఇప్పినాను. పిస్టను రింగులు తప్ప ఏటీ మార్సనేదు. రాడ్లు దానివే. స్టీరింగు దానిదే. ఎనకాతల ఇరుసు ఒకటి లారీది, నాను సేసినాను."

"అసలు ఇరుసు ఎందుకు విరిగింది?"

నేను నేల చూపులు చూస్తున్నాను.

"ఇసకలో కూరుకుపోనాది బాబూ. బలమెక్కువై ఇరిగినాది," అన్నాడు మేస్త్రి.

ఇంజను విప్పించి చూసుకుంటారా అని నేనే అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను. ఇంజనీరు నా వంక వింతగా చూసి, మేస్త్రి వైపు తిరిగాడు.

"అక్కర్లేదు. మీరు చెప్పారు, చాలు."

మేస్త్రి చెయ్యి చొక్కాకి తుడుచుకుని ఆయన చాపిన చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఇంజనీరు ఆయన్ని చూసి పావుగంట కూడా కాలేదు. నాకు మూడేళ్ళ స్నేహం. ఆ మూడేళ్ళలో ఆ మాట నేను ఒక్కసారి కూడా అనలేదు.